ఒంటబట్టని తిండి

నర్సుల విశ్రాంతి గది, మూడో అంతస్తు
సోమవారం మధ్యాహ్నం

గుమ్మడికి,

ఉత్తరం చూసి కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది. పేపరు మడత సరిగ్గా పెట్టలేదని పొద్దున్నే మీ బావగారి మీద కేకలేసింది. అంటే ఆరోగ్యానికి ఢోకా లేనట్టే. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ముప్పై ఏళ్ళుగా అచ్చు యంత్రాల పక్కన పనిచేసిన నీ చెవులకి నా మాట సగమే చేరుతుంది. మిగతా సగం నువ్వే ఊహించుకుని నా మీద కోపం తెచ్చుకుంటావు. దానికన్నా కాగితమే నయం.

ఇక్కడో తమాషా జరుగుతోంది. మా ఆసుపత్రికి పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకామె వచ్చింది. చూడ్డానికి ఇంకా పదో తరగతి చదివే పిల్లలా ఉంటుంది గానీ పట్టుదల మనిషి. ఒకే తిండి తిన్నా కొందరు ఎందుకు ఇట్టే ఒళ్ళు చేస్తారు, కొందరికి ఎంత తిన్నా ఎందుకు ఒంటబట్టదు అన్నది ఆమె ప్రశ్న. సిబ్బందిలో పదహారు మందిని తీసుకుంది. ఎనిమిది వారాల పాటు రోజూ మామూలుగా తినేదానికన్నా మూడో వంతు ఎక్కువ తినాలి. వాళ్ళే వండి, తూచి, ఎదురుగా కూర్చుని తినిపిస్తారు. కంచంలో మెతుకు మిగలకూడదు. ప్రతి సోమవారం బరువు చూస్తారు. నడుముకి అగ్గిపెట్టంత యంత్రం ఒకటి కట్టారు. మనం రోజంతా ఎంత కదులుతున్నామో అది చెబుతుందట.

ఎవరు వస్తారని అడగ్గానే అందరికన్నా ముందు నేను చెయ్యెత్తాను. ఊరికే పెట్టే భోజనాన్ని ఎవరు కాదంటారు చెప్పు?

మూడు వారాలయింది. కింది అంతస్తు అటెండరు రెండు కిలోలు పెరిగాడు. నిన్న భోజనాల దగ్గర అతని చొక్కా గుండీ తెగి పక్కవాడి మజ్జిగలో పడింది. ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. మరి నేనో? వంద గ్రాములు! బరువు చూసే యంత్రం చెడిపోయిందేమోనని డాక్టరమ్మ ఇంకోటి తెప్పించి చూసింది. "మీ రహస్యం ఏంటి సిస్టర్, మాకూ చెప్పండి" అని అందరూ చుట్టూ చేరారు. ఏమీ లేదర్రా అని నవ్వేశాను.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వీలు చూసుకుని ఒకసారి రా. అమ్మ సంతోషిస్తుంది.

నీ అక్క


బైండింగు విభాగం, కిటికీ పక్క బల్ల
గురువారం

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నన్ను గుమ్మడి అని పిలవొద్దని నీకు ఇరవై ఏళ్ళ కిందటే చెప్పాను. అది హాస్టలు అమ్మాయిలు పెట్టిన పేరు. ఊరికే పెట్టి వదల్లేదు వాళ్ళు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత ఉంది కదా, నేను స్టోరు గది ముందు నుంచి నడిచినప్పుడల్లా వరండాలో కూర్చున్న వాళ్ళందరూ భుజాలు తడుముకునేవాళ్ళు. నీకు గుర్తుండకపోవచ్చు. నీ వైపు చూసి ఎవరూ తడుముకోలేదు కాబట్టి.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కిందటి నెల డాక్టరు దగ్గరికి వెళితే బరువు తగ్గమన్నాడు. ఏం తింటారని అడిగాడు. పొద్దున రెండు రొట్టె ముక్కలు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, సాయంత్రం ఒక పండు అన్నాను. "ఇంకా? బాగా గుర్తు తెచ్చుకోండి" అన్నాడు, పోలీసు స్టేషన్లో అడిగినట్టు. ఇక్కడ సలహాలకేం తక్కువ లేదు. కాగితాలు మడిచే అమ్మాయి వేడి నీళ్ళు తాగమంటుంది. కటింగు మిషను ఆయన రాత్రి తిండి మానమంటాడు. గేటు దగ్గర కూర్చునే ముసలాయన నవ్వమంటాడు, నవ్వితే కొవ్వు కరుగుతుందట. అందరి మాటా విని ఉంటే నేను ఈపాటికి గాల్లో తేలాలి.

రమ్మని రాశావు. ఆరేళ్ళ కిందట వచ్చాను. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను, వంటింట్లో అలమారకి తాళం పడిన చప్పుడు వినిపించింది. నాకు చెవులు సరిగ్గా వినపడవంటావు గానీ అది స్పష్టంగా వినిపించింది. తాళంచెవి అమ్మ నడుముకి దోపుకుంటుంటే చూశాను. నువ్వూ చూశావు. మాట మార్చి ఎండల గురించి మాట్లాడావు.

నీ డాక్టరమ్మకి జవాబు దొరికితే నాకూ రాయి. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఇంకొక మాట. నీ ఉత్తరంలో నవ్వులు ఎక్కువయ్యాయి. నువ్వు మరీ నవ్వించావంటే ఏదో దాస్తున్నావని అర్థం.

ఇట్లు
చెల్లి


నర్సుల విశ్రాంతి గది
పరీక్ష ముగిసిన మర్నాడు

చెల్లీ,

ఆ పేరుతో ఇంకెప్పుడూ పిలవను.

ఎనిమిది వారాలూ అయ్యాయి. అటెండరు ఐదు కిలోలు పెరిగాడు. ఎక్స్‌రే అమ్మాయి నాలుగు. నేను నాలుగు వందల గ్రాములు. ఎవరూ దొంగతనంగా తినలేదు, ఎవరూ మానలేదు. ఎవరికి పెట్టాల్సింది వాళ్ళకి తూచి పెట్టారు, కళ్ళెదురుగా తిన్నాం.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి కాగితాలు చూపించింది.

"మీకు తిండి ఎక్కువైన కొద్దీ మీరు కదలడం కూడా ఎక్కువైంది సిస్టర్. మీకు తెలీకుండానే. కూర్చుంటే కాలూపుతారు. ఫోను మాట్లాడుతూ వరండా అంతా తిరుగుతారు. ఒక్కో పేషెంటు దుప్పటి నాలుగుసార్లు సర్దుతారు. మీ ఒళ్ళు ఎక్కువైందాన్ని అలా కరిగించేస్తోంది. కొందరి ఒళ్ళు ఆ పని చెయ్యదు, దాచుకుంటుంది. ఇందులో మీ గొప్పేం లేదు, వాళ్ళ తప్పేం లేదు. ఇంకా మాకు తెలీనివి చాలా ఉన్నాయనుకోండి, కానీ పుట్టుకతో వచ్చేది మాత్రం చాలానే ఉంటుంది."

"ఒక తల్లి పిల్లల్లో కూడా ఇంత తేడా ఉంటుందా అమ్మా?" అన్నాను.

"ఎందుకుండదు? అక్కాచెల్లెళ్ళకి ఒకే ముక్కు ఉంటుందా?"

తలూపి బయటికొచ్చాను. మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఊరికే పెట్టే భోజనం కోసం చెయ్యెత్తానని నీకు రాశాను. అది అబద్ధం. ఆ ప్రశ్న వినగానే చెయ్యి దానంతటదే లేచింది. ఆ ప్రశ్న నాకు ముప్పై అయిదేళ్ళ నాటిది.

చెప్పేస్తాను. ఈ కాగితం అయ్యేలోపు చెప్పకపోతే ఇక చెప్పలేను.

నాన్న పోయాక అమ్మకి ఆ నర్సుల హాస్టల్లో స్టోరు చూసే ఉద్యోగం ఇచ్చారు. వెనక రెండు గదుల్లో మనం ఉండేవాళ్ళం. నాకు పదిహేనేళ్ళు, నీకు పన్నెండు. స్టోర్లో పాలపొడి, పంచదార, బిస్కెట్లు తరిగిపోతుంటే వార్డెను అమ్మకి నెల గడువు పెట్టింది. దొంగెవరో తేలకపోతే ఉద్యోగం పోతుంది, ఆ రెండు గదులూ పోతాయి. అమ్మ ఏం చేసిందో నీకు నేను చెప్పక్కర్లేదు. మనిద్దర్నీ బస్తాలు తూచే కాటా ఎక్కించింది. నెల ఆగి మళ్ళీ ఎక్కించింది. బస్తాల మధ్య బతికిన మనిషి, ఒకచోట తగ్గింది ఇంకోచోట పెరిగి తీరాలని ఆమె నమ్మకం. నువ్వు రెండు కిలోలు పెరిగావు. నా ముల్లు కదల్లేదు. అంతే, దొంగ దొరికిపోయింది.

పన్నెండేళ్ళ పిల్ల పెరుగుతుంది చెల్లీ. పెరగకపోతేనే కంగారు పడాలి. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎందరి తల్లులకి ఈ మాట చెప్పానో. మన తల్లికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

తిన్నది నేను.

స్టోరు వెనక కిటికీకి ఊచలుండేవి. పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే నేను వాటి మధ్య పట్టేదాన్ని. మధ్యాహ్నం అమ్మ భోజనాల హాల్లో ఉన్నప్పుడు లోపలికి దూరేదాన్ని. పాలపొడిలో పంచదార కలుపుకుని గుప్పెళ్ళకి గుప్పెళ్ళు మింగేదాన్ని. ఎందుకంటే ఆకలి. నాకు ఎప్పుడూ ఆకలే. అమ్మ ఇద్దరికీ ఒకే గరిటెతో పెట్టేది, అది నాకు ఏ మూలకీ వచ్చేది కాదు. ఇంకాస్త పెట్టమని అడగాలంటే సిగ్గు. "పెద్దది పక్షిలా తింటుంది" అని అందరికీ గొప్పగా చెప్పుకునేది అమ్మ, ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

నిన్ను మేనత్త ఇంటికి పంపించిన రోజు చెబుదామనే అనుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు గుమ్మంలో నిలబడిపోయాను. నువ్వు వెళ్ళాక భయం వేసి దొంగతనం మానేశాను. దాంతో స్టోర్లో తరుగు ఆగిపోయింది. "చూశావా, అది వెళ్ళాక ఆగింది" అంది అమ్మ. నేను మానడం కూడా నీ మీద సాక్ష్యమే అయింది.

తిట్టు. ఎంత తిట్టాలంటే అంత తిట్టు. జవాబు మాత్రం రాయి.

అక్క


నా గది
ఆదివారం

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. ఆరుసార్లు చదివాను. మొదటి మూడుసార్లూ కిటికీ దగ్గర ఆగిపోయాను.

ఆ ఊచల మధ్య నా నడుము పట్టేదే కాదక్కా. ఇన్నేళ్ళలో ఆ కిటికీ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. స్టోర్లోకి నేను ఎలా వెళ్ళి ఉంటానని నేనెప్పుడూ ఆలోచించలేదు. వెళ్ళాననే నమ్మాను.

చేయని తప్పుకి మాట పడ్డానని నాకు తెలుసనీ, లోపల్లోపల కుమిలిపోయాననీ నువ్వు అనుకుంటున్నావు. నీ ఉత్తరం నిండా ఆ జాలే ఉంది. అంత అదృష్టం కూడా లేదు నాకు. నేను నిద్రలో లేచి తింటున్నానని నాకు చెప్పారు. ఏడేళ్ళప్పుడు ఒకసారి నిద్రలో నడిచి మెట్ల దగ్గర దొరికాను కదా, అదొకటి ఉంది. పైగా కాటా చెప్పింది. పన్నెండేళ్ళ దాన్ని, అమ్మా కాటా ఒకే మాట చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని?

అత్త ఇంట్లో పడుకునే ముందు నా కాలిని మంచం కోడుకి కట్టుకునేదాన్ని. అత్త కట్టలేదు, నేనే. పాత చీర అంచు చింపి తాడు చేసుకున్నాను. పొద్దున్న చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉండేది. అయినా ఒళ్ళు పెరిగేది. అత్త పిల్లలు నాకు రెండింతలు తిని ఎముకల గూళ్ళలా తిరిగేవాళ్ళు, నేను కొలిచి పెట్టింది తిని ఊరుతుండేదాన్ని. అప్పుడు నాకు ఏమనిపించేదో తెలుసా? ముడి విప్పుకుని, తిని, మళ్ళీ అచ్చం అలాగే ముడి వేసుకుని పడుకుంటున్నాననిపించేది. నేను అంత తెలివైన దొంగననుకున్నాను.

అక్కడ బడి ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కల్లో నాకు ఎప్పుడూ మొదటి మార్కే, టీచర్ని అవుతానని నీతో పందెం కూడా వేశాను. పదిహేనేళ్ళకి ఈ అచ్చాఫీసులో కాగితాలు మడవడానికి చేరాను. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది. నా ఒళ్ళు చూసి వాళ్ళే వద్దన్నారని మీరందరూ అనుకున్నారు. వద్దన్నది నేను. పక్కన పడుకునే మనిషికి ఆ తాడు సంగతి ఏమని చెప్పను?

ఇప్పటికీ నా గదిలో తినేది ఏదీ ఉంచను. ఏ పూటకి ఆ పూట బయట కొనుక్కుంటాను. ఇక్కడ బైండింగుకి మైదాపిండితో జిగురు ఉడికిస్తాం. ఆ పిండి డబ్బా తీసేటప్పుడు కూడా ఎవరో ఒకరిని పక్కన నిలబడమంటాను. వాళ్ళు నాకు చాదస్తం అనుకుంటారు. పచ్చి మైదా అక్కా. దాని విషయంలో కూడా నన్ను నేను నమ్మలేదు.

నాకు ఒక్క విషయం కావాలి. నిద్రలో తింటోందన్న మాట మొదట ఎవరన్నారు? అమ్మే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ పది రోజులుగా ఆలోచిస్తుంటే అది అమ్మ ఊహలా లేదు. అమ్మకి తెలిసింది బస్తాలూ కాటా. బాగా గుర్తు తెచ్చుకుని రాయి.


ఇంటి వరండా
బుధవారం

చెల్లీ,

గుర్తు తెచ్చుకోవలసిన పని లేదు. నేనే.

మొన్నటి ఉత్తరంలో అన్నీ రాశానని చెప్పుకున్నాను గానీ, ఇది రాయకూడదనే వదిలేశాను. రెండోసారి కాటా దిగగానే అమ్మ బస్తా కుట్టే పురికొస తాళ్ళ కట్ట చేతిలోకి తీసుకుంది. నువ్వు తినలేదని గుక్కపట్టి ఏడుస్తున్నావు. నేను మధ్యలోకి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "కొట్టకమ్మా, పాపం దానికి తెలీదు. నిద్రలో తింటోందేమో" అన్నాను. అమ్మ చెయ్యి దించింది. ఆ ఏడుపులో నా మాట నీ చెవిన పడలేదేమో, నువ్వు నా నడుము పట్టుకుని వెక్కిళ్ళు పెట్టావు. దేవతని చూసినట్టు చూశావు నన్ను.

దెబ్బలు తప్పించాను కదా, నా వంతు నేను చేశానని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. దొంగతనమూ నాదే, దయా నాదే. ఆ దయ నీకు ఏం చేసిందో నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తాడు సంగతి తెలియదు. ఒట్టు పెట్టినా నమ్మవు, నమ్మమని అడిగే మొహం కూడా లేదు.

నిన్న వార్డులో ఒకావిడ "మీలా నోరు కట్టుకోవడం మాకు చేతకాదు సిస్టర్" అంది. ఇలాంటి మాటలు ముప్పై అయిదేళ్ళుగా వింటున్నాను, విని చిన్నగా నవ్వుతున్నాను. నిన్న నవ్వలేకపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అక్క


నా గది
శనివారం

అక్కా,

అమ్మకి చెప్పు.

నాకు చెప్పావు, నీ గుండె బరువు దిగింది. దించుకున్న బరువు నా ఒళ్ళో పెట్టావు. అది చాలదు. చేయనిదాన్ని చేశానని నన్ను నమ్మించింది అమ్మ నోరు. తినలేదన్న మాట కూడా ఆ నోటి నుంచే రావాలి. "నువ్వు తినలేదే" అని అమ్మ ఒక్కసారి అంటే చాలు. నా చెవులు పూర్తిగా పోకముందే వినాలి. బడి, పెళ్ళి, పోయినవన్నీ పోయాయి, వాటి గురించి నిన్ను ఏమీ అడగను. నాకు కావలసింది ఈ ఒక్క మాట.

చెల్లి


నర్సుల విశ్రాంతి గది
మూడు వారాల తర్వాత

చెల్లీ,

చెబుతాను. తప్పకుండా చెబుతాను. మొదటి వారం అమ్మకి జలుబు. రెండో వారం బీపీ కాస్త ఎక్కువ చూపించింది, ఆ వయసులో ఒక్కసారిగా ఇలాంటిది చెబితే ఏమవుతుందోనని భయం వేసింది. మొన్న చెబుదామని పక్కన కూర్చున్నాను, సరిగ్గా అప్పుడే గ్యాసు బండ వాడు వచ్చాడు. నువ్వు నవ్వుకుంటావని తెలుసు. డెబ్బై ఒకటో ఏడు పడింది ఆవిడకి, కాస్త ఆలోచించి చెప్పాలి కదా. మంచి సమయం చూసి చెబుతాను.

అక్క


కార్డు మీద

జలుబు ఈపాటికి తగ్గి ఉంటుంది. గ్యాసు బండ వాడు నెలకి ఒక్కసారే వస్తాడు. నాకు మంచి సమయం అక్కర్లేదు.


ఇంటి వరండా
శుక్రవారం

చెల్లీ,

నిన్న చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నా వైపు ఒక్క మాట సర్దకుండా.

మీ బావగారు బజారుకి వెళ్ళారు. అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"అమ్మా, అప్పుడు స్టోర్లో తిన్నది నేను" అన్నాను.

"ఏ స్టోరు?"

"హాస్టలు స్టోరు. పాలపొడి, పంచదార. తిన్నది చెల్లి కాదు, నేను."

కత్తి ఆపింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నవ్వింది చెల్లీ. నిజంగా నవ్వింది.

"నువ్వా? అద్దంలో ఎప్పుడైనా చూసుకున్నావా? డబ్బాలకి డబ్బాలు పాలపొడి తిన్న ఒళ్ళేనా అది?"

డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు తెచ్చి ముందు పెట్టాను. ఎనిమిది వారాలు ఎంత తిన్నానో, ఎంత పెరిగానో వేలు పెట్టి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పక్కకి తోసేసింది.

"పాతికేళ్ళు కాటా దగ్గర నిలబడ్డదాన్ని. గోనెలో తగ్గింది ఎక్కడో ఒకచోట పెరగాలి. గాల్లో కలిసిపోతుందా?"

"నా ఒంట్లో అలాగే కలిసిపోతుందమ్మా. అదే ఆవిడ చెప్పేది."

"ఆ పిల్లకేం తెలుసే? ఒక్క బస్తా ఎత్తిందా ఎప్పుడైనా?"

కిటికీ సంగతి చెప్పాను. పిల్లి కూడా పట్టని కిటికీ అంది. తీసుకెళ్ళి చూపిద్దామంటే ఆ హాస్టలు పడగొట్టి పన్నెండేళ్ళయింది. నేను ఒట్టు పెట్టాను, ఏడ్చాను. ఏడ్చిన కొద్దీ అమ్మ ముఖం మెత్తబడింది. నమ్ముతోందనుకున్నాను. ఉల్లిపాయ చేత్తోనే నా చెంప నిమిరింది.

"నీది చిన్నప్పట్నుంచీ వెన్నలాంటి మనసే. ఆ రోజు దానికి దెబ్బలు తప్పించావు. ఇప్పుడు దాని తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు. ఏం, అది ఏమైనా రాసిందా? పోనీలే. నీ మొహం చూసి దాన్ని క్షమించేశాను. చిన్నపిల్ల, ఆకలేసి తింది. ఇన్నాళ్ళు పట్టుకుని కూర్చోవడం నాదే తప్పు. రమ్మని రాయి. అలమారకి తాళం కూడా వెయ్యనని రాయి."

ఆ మాట అని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళకి మనసు తేలికపడిందంది. సాయంత్రం రెండుసార్లు మళ్ళీ చెప్పబోయాను. "ఇక చాలు, అంత మంచితనం పనికిరాదు" అని వారించింది. రాత్రి భోజనాల దగ్గర మీ బావగారికి కూడా చెప్పింది, ఇలాంటి అక్క ఎవరికి ఉంటుందని.

నేను ఆమె ముందు నిజం పెడితే అది కూడా నా గొప్పతనమే అయింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నా ఒళ్ళు నా మాట నిలబడనివ్వడం లేదు. నువ్వు అడిగిన ఒక్క మాట తేలేకపోయాను. తెచ్చింది ఇదీ: అమ్మ నిన్ను క్షమించింది.

అక్క


నా గది
మంగళవారం

అక్కా,

మొదట రాసిన ఉత్తరం చించేశాను. రాయకూడని మాటలు చాలా రాశాను అందులో. అన్నీ అమ్మ మీద కోపంతో రాస్తున్నాననుకున్నాను. చించేశాక ముక్కలు ఏరుతుంటే తెలిసింది, ఒక్కటి కూడా అమ్మ మీద కాదు. అమ్మ చూసిందాన్ని నమ్మింది. చూసింది తప్పని తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది.

రెండో ఉత్తరం రావడం లేదని రాశాను. చేయని తప్పుకి క్షమించడానికి ఆమె ఎవరు, నాకు ఆత్మాభిమానం లేదా అని రాశాను. అది కూడా పంపలేదు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి నమ్మేదాకా ఆగుదామంటే మా ఇద్దరిలో ఎవరికి అంత టైముంది? నేనడిగిన మాట ఇక దొరకదు. ఆరేళ్ళ తర్వాత అమ్మ నుంచి వచ్చిన పిలుపు ఇదీ, వంకరదే అయినా.

సిగ్గు విడిచి రాస్తున్నాను. తాళం వెయ్యని ఇంట్లో, అమ్మ పక్కన కూర్చుని, అమ్మ వడ్డిస్తే ఒక పూట తినాలని ఉంది. "ఇంకాస్త పెట్టుకోవే" అంటుందేమోనని ఆశగా కూడా ఉంది. దొంగగానే అయినా సరే, నాకు అమ్మ కావాలి.

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తాను. అమ్మ నన్ను క్షమిస్తుంది. నేను తల వంచుకుని సరేనమ్మా అంటాను. ఎదురు చెప్పను, ఆ కాగితాలు నువ్వు మళ్ళీ బయటికి తీయొద్దు. ఆమె మనసు తేలికపడింది, అలాగే ఉండనీ.

నువ్వు మాత్రం ఆ గదిలోనే ఉండాలి, నాకు ఎదురుగా. పాలు పొంగుతున్నాయని లేవకు. తలుపు చప్పుడైందని వెళ్ళకు. ఏడుపొచ్చినా మొహం కడుక్కునే వంకతో బయటికి పోకు, నీ ఏడుపు కూడా ఆమెకి మంచితనంలాగే కనిపిస్తుంది. నా దొంగతనాన్ని అమ్మ క్షమిస్తుంటే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, కూర్చున్న చోట కూర్చుని విను.

చెల్లి